మూడు రాళ్ళ ముడుపు

మేము యానాదులమా కాదా అని తేల్చడానికి ఆ ఏడాది జూలై రెండో వారంలో ఇద్దరు మనుషులు మా ఇంటికి వచ్చారు. అప్పటికి నాకు అరవై తొమ్మిదేళ్ళు. అన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అడగకుండానే అందరికీ తెలిసేది. బడిలో నీళ్ళకుండ దగ్గర నన్ను ఆపినవాళ్ళకు తెలుసు. ఉపాధ్యాయురాలిగా మొదటిసారి వెళ్ళిన ఊళ్ళో ఇల్లు ఖాళీ లేదని చెప్పిన ఏడుగురు యజమానులకు తెలుసు. అనుమానం వచ్చింది ఒక్క ప్రభుత్వానికే.

అనుమానానికి మూలం ఒక ఆకాశరామన్న ఉత్తరం. నా మనవరాలు కోమలికి వైద్య ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. గిరిజనుల కోటాలో సీటు ఖాయమని లెక్కవేసిన వారంలోనే ఆ ఉత్తరం చేరవలసిన చోటికి చేరింది. తిరుపతిలో మేడ ఇంట్లో పుస్తకాల మధ్య బతికే ఈ కుటుంబం గిరిజనులు కాజాలరని అందులో ఉంది. సంతకం లేదు, అక్షరదోషమూ లేదు. రాసినవారు చదువుకున్నవారే. ఆగస్టు ఇరవైలోగా విచారణ పూర్తయి మా ధ్రువపత్రం నిలబడకపోతే సీటు తరువాతి ర్యాంకుకు వెళ్ళిపోతుంది.

నా కొడుకు విజయ్ కుమార్ చిత్తూరులో కరెంటాఫీసులో పనిచేస్తాడు. కోమలి ఇంటర్ నుంచి నా దగ్గరే ఉండి చదువుకుంటోంది. వాడు ఫోన్ చేసి, "అమ్మా, వాళ్ళతో వాదం పెట్టుకోవద్దు. అడిగిందానికి జవాబు చెప్పు, సాలు," అన్నాడు. మాట ఇచ్చాను. నిలబెట్టుకోలేదు.

వచ్చిన ఇద్దరిలో గుమాస్తా ఢిల్లీబాబు చెప్పులు గుమ్మం బయట విడిచాడు. సుందరరాజు విడవలేదు. ఈయన మానవశాస్త్రం చదివినవాడు. రెండు జిల్లాల్లోనూ ఇలాంటి విచారణల్లో నిపుణుడి మాటంటే ఆయన మాటే. కుర్చీలో కూర్చుని పుస్తకాల బీరువాలను, గచ్చును, ఆ తరువాత కోమలి ముఖాన్ని, అన్నిటినీ ఒకే తీరుగా పరిశీలించాడు.

"పాప ఎర్రగా ఉండాదే," అన్నాడు ఢిల్లీబాబు, మెచ్చుకోలుగానే.

"వాళ్ళ అమ్మ పోలిక."

"ఆయమ్మ ఎవురు?"

"యానాదే. సూళ్ళూరుపేట వైపు."

"ఆయమ్మా ఎరుపేనా?"

"ఆమె తల్లి కూడా. ఇంకా వెనక్కి వెళ్ళాలంటే శ్మశానంలో విచారించాలి."

కోమలి నా వైపు చూసింది. ఊరుకున్నాను. ఢిల్లీబాబు చేతిలో పదకొండు ప్రశ్నల పత్రం ఉంది. కులదైవం, పెళ్ళి, చావు, తిండి, వృత్తి అన్నీ అయ్యాక పదకొండోది శరీర లక్షణాలు. నేను ఊరుకోగలిగింది పదో ప్రశ్న వరకే.

"నూరేళ్ళ కిందట దొరలు ఇనుప పరికరాలతో మనుషుల ముక్కులు కొలిచి, ఏ జాతి ఏ మెట్టు మీద నిలబడాలో పుస్తకాల్లో రాశారు. పక్క ఊరి రైతుల ముక్కులు కొలిచినా అవే అంకెలు వచ్చేవి. మీ దగ్గర ఆ పరికరం ఉందా, లేక కంటితో చూసి రాసేస్తారా?"

సుందరరాజు నవ్వాడు. మర్యాదస్తుడి నవ్వు. "మేడమ్, మీరు చదివి చెబుతున్నారు. మాకు కావలసింది తెలిసి చెప్పేవాళ్ళు. కులదైవం గురించి మీరు చెప్పిన నాలుగు మాటలూ పుస్తకాల్లో ఉన్నవే."

"పుస్తకాల్లోకి అవి మావాళ్ళ నోళ్ళలోంచే వెళ్ళి ఉంటాయి."

"మీ భాష కూడా..."

"ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పాను. జీతమిచ్చింది ప్రభుత్వమే."

ఆయన కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. "ఈ ఇల్లు యానాది ఇంటిలా లేదు, చంద్రకాంతమ్మ గారూ. నేను చెప్పగలిగింది అంతే. అసలైన నివాసంలో ఉంటున్న రక్తసంబంధీకులు ఎవరైనా ఉంటే చెప్పండి. చివరి అవకాశంగా అక్కడ చూస్తాము."

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ ఇంట్లో ఆనవాళ్ళు లేకపోవడం దానంతటది జరిగింది కాదు. మా అమ్మ చేటను, మా నాయన గడ్డపారను, నా నోటిలోని మా యాసను నలభై ఏళ్ళు శ్రద్ధగా ఏరి బయట పారేశాను. అద్దెకు ఇల్లు కావాలన్నా, బడిలో ప్రధానోపాధ్యాయురాలి కుర్చీ కావాలన్నా, నేను యానాదిదానిలా కనబడకూడదు. ఇప్పుడు మనవరాలికి సీటు కావాలంటే కనబడాలి.

వడమాలపేటలో ఉంటున్న నా చెల్లెలు గురవమ్మ పేరు చెప్పాను.

గురవమ్మ నాకంటే మూడేళ్ళు చిన్నది. బడికి వెళ్ళలేదు. ఇద్దరిలో ఒకరు తమ్ముళ్ళను చూసుకోవాలి గనుక వెళ్ళలేదు. పెళ్ళిళ్ళకు, చావులకు తప్ప నేను ఆమె ఇంటికి వెళ్ళింది తక్కువ. మామిడికాలంలో మండీలో కాయలు ఏరే పనికి పోతుంది. కాలనీలో ప్రభుత్వం కట్టించిన ఒంటి గది ఆమెది. మిద్దె కారుతుంది. గది ముందు వెదుళ్ళు నాటి, పైన నీలం ప్లాస్టిక్ పట్ట పరిచి వసారా చేసుకుంది. విచారణ నాడు నేనూ కోమలీ పొద్దున్నే పుత్తూరు బస్సెక్కి వెళ్ళాము.

"ఏం సూడాలంట అక్కా వాళ్ళకి?"

"ఆచారాలు."

"ఆచారాలా? తెల్లారి లేసి మండీకి పోతా, మాపటేళకి వస్తా. అదే మన ఆచారం. రాసుకోమను."

"ఎలుకలు పట్టడం వచ్చా అని అడగవచ్చు."

"పట్టి ఇస్తే తీసుకుపోతారా? మండీలో శానా ఉండాయి," అని కోమలి భుజం తట్టింది. కోమలి నవ్వలేదు. ఆ పిల్ల మూడు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు.

వాళ్ళు పదకొండు గంటలకు వచ్చారు. సుందరరాజు నులక మంచం మీద కూర్చున్నాడు. గురవమ్మ అన్నిటికీ నిజమే చెప్పింది. ఏ దేవుణ్ణి మొక్కుతావంటే కొండమీది సామిని, గంగమ్మను అంది. ఏం తింటావంటే రేషను బియ్యం అంది. మంత్రాలు వచ్చా అంటే, వస్తే ఈ మిద్దె కారకుండా సేసుకోనా సార్ అంది. ఢిల్లీబాబు నవ్వు ఆపుకుంటూ రాసుకున్నాడు. సుందరరాజు నవ్వలేదు. "అందరూ చెప్పేవే చెబుతున్నావమ్మా. మీకంటూ ప్రత్యేకంగా ఏమీ లేదా?" అన్నాడు. గురవమ్మ చెప్పే ఒక్కొక్క నిజానికీ సీటు ఒక్కొక్క అడుగు వెనక్కి జరగడం నాకు తెలుస్తూనే ఉంది.

లేవబోతూ ఆయన తల ఎత్తి చూశాడు. "అది ఏమిటి?"

వెదురుకు పాత చీరగుడ్డ మూట ఒకటి వేలాడుతోంది. అందులో మూడు రాళ్ళున్నాయి. గాలికి పట్ట లేచిపోకుండా దాని నాలుగు మూలలకూ గురవమ్మ అలాంటి మూటలే కట్టింది. తక్కిన మూడూ బయటి వైపు ఉన్నాయి. ఆయన కూర్చున్న చోటికి కనబడింది అదొక్కటే.

గురవమ్మ నన్ను చూసింది. తరువాత గోడకు ఆనుకుని నిలబడ్డ కోమలిని చూసింది.

"అది బిడ్డది సార్."

"బిడ్డది అంటే?"

"బిడ్డ పుట్టిన తొమ్మిదోనాడు కడతాము. కొండ దిక్కు నించి ఒగ రాయి. ఏటి దిక్కు నించి ఒగటి." అక్కడ ఆగి, మళ్ళీ మూట వైపు చూసింది. "పోయిన పెద్దోళ్ళను పూడ్సిన దిక్కు నించి ఒగటి. ఈ మనవరాలికే కట్టింది. తీయకూడదు, అందుకే అట్లనే ఉండాది."

సుందరరాజు తిరిగి కూర్చున్నాడు. "దీన్ని ఏమంటారు?"

గురవమ్మ కల్పన అక్కడితో అయిపోయింది. లేనిదానికి పేరు పెట్టవలసిన అవసరం ఆమెకు ఎన్నడూ రాలేదు. పేర్లు పెట్టడం, నిర్వచనాలు చెప్పడం నా వృత్తి.

"మూడు రాళ్ళ ముడుపు," అన్నాను.

ఆయన మొదటిసారి నన్ను గౌరవంగా చూశాడు. "ఇది ఏ పుస్తకంలోనూ లేదు మేడమ్."

"లేదు," అన్నాను. ఆ పూట నేను చెప్పిన నిజం అదొక్కటే.

ఢిల్లీబాబు సెల్‌ఫోన్ తీసి, గురవమ్మను మూట కింద నిలబెట్టాడు. "నవ్వొద్దమ్మా. రోంత గంభీరంగా సూడు."

ఆగస్టు మొదటి వారంలో నివేదిక నకలు వచ్చింది. విశిష్ట ఆచారాలు అన్న శీర్షిక కింద తొమ్మిది వాక్యాలు. నేను పెట్టిన పేరు రెండుసార్లు వచ్చింది. మా ధ్రువపత్రం నిలబడింది, కోమలికి సీటు వచ్చింది. విజయ్ కుమార్ చిత్తూరు నుంచి మిఠాయి పట్టుకొచ్చి, ఆ వీధిలో నాతో పన్నెండేళ్ళుగా మాట్లాడని వాళ్ళకు కూడా పంచాడు.

కోమలి నివేదిక రెండుసార్లు చదివి నా దగ్గరకు వచ్చింది. "అవ్వా, నాకు నిజంగా కట్టినారా?"

"లేదు."

"ఎవురికన్నా కట్టినారా?"

"ఎవరికీ కట్టలేదు."

కాగితాన్ని దాని మడతల మీదే మళ్ళీ మడిచింది. "ఇంకెవురికీ చెప్పొద్దవ్వా," అంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఆ మాట అనే హక్కు దానికి ఉంది.

పది రోజుల తరువాత ఐరాల నుంచి కుప్పయ్య వచ్చాడు. నాకు ముఖపరిచయం లేదు. ఒక మామిడితోటకు కావలివాడు, యానాది. తోటలోనే పాక వేసుకుని కాపురం. భుజం మీద తోతాపురి కాయల గోతం, వెంట కూతురు నిస్సీ. కుప్పయ్య నాయన కాలంలోనే కుటుంబం చర్చిలో చేరింది. నిస్సీకి నర్సింగు సీటు వచ్చే ర్యాంకు ఉంది, ధ్రువపత్రం మాత్రం తిరస్కరించారు. కూర్చోమంటే కుప్పయ్య గడప దాటి లోపలికి రాలేదు.

"ఉండనీమ్మా, ఈడ బాగుండాది. మీ పాపకు సీటొచ్చిందంటనే, మనోళ్ళందరూ సెప్పుకుంటా ఉండారు. అందుకే వచ్చినా." తిరస్కరణ పత్రం నా చేతికిచ్చాడు. "ఆ ముడుపు ఎట్ల కట్టాలనో మా బిడ్డకు రోంత నేర్పియ్యండమ్మా. మా తాతల కాడ ఉండే ఉంటాది. మేము చర్చికి పోబట్టి, సెప్పేవోళ్ళు లేక మాకాడ పోయింది. తప్పు మాదే."

పత్రం చదివాను. మూడు రాళ్ళ ముడుపు గురించి ప్రశ్నించగా దరఖాస్తుదారుకు తెగ ఆచారాలపై అవగాహన లేదని తేలినది. ముడుపు పేరు ఒక్క అక్షరం పొల్లుపోకుండా నేను పెట్టిందే.

"నిన్ను ఏమని అడిగారు?" అన్నాను నిస్సీని.

"ఫోటో సూపించి ఇదేంది అన్నారు మేడమ్. పట్ట రాళ్ళు సార్, గాలికి లేవకుండా కడతారు అన్నాను. మా తోటకాడ పాక్కీ అట్లనే కట్టుకుంటాము. సార్ తలకాయ ఊపి రాసుకున్నారు." తండ్రి చేతిలోని గోతాన్ని అందుకుని గడప పక్కన పెట్టింది. "నేను సెప్పింది తప్పా మేడమ్?"

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో వేల జవాబు పత్రాలు దిద్దాను. ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పింది ఆ పిల్ల ఒక్కతే. ఆ రాళ్ళు దేనికో చెప్పగలగాలంటే అలాంటి పట్ట కింద బతికి ఉండాలి. మా తెగకు పరీక్ష అంటూ ఒకటి ఉంటే అదే పరీక్ష. అందులో ఆమెను తప్పించారు, మమ్మల్ని నెగ్గించారు.

"నువ్వు చెప్పిందే సరి," అని, జరిగినదంతా గడప దగ్గరే కూర్చుని చెప్పాను.

కుప్పయ్య తిరస్కరణ పత్రాన్ని నా చేతిలోంచి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆ తరువాత, "అయితే అట్లాంటిది లేనే లేదామ్మా?" అన్నాడు.

"లేదు."

"ఉంటే బాగుండె," అన్నాడు.

సోమవారం చిత్తూరులో అప్పీలు వినే రోజు. నేను వచ్చి లిఖితపూర్వకంగా చెబుతానన్నాను. ఆ రాత కోమలి సీటును ఏం చేయగలదో తెలియక అన్న మాట కాదు. విజయ్ కుమార్ ఫోన్లో మొదటిసారి నా మీద గొంతు పెంచాడు. "నీ మనవరాలి సీటు నువ్వే తీసేస్తావామ్మా?"

"ఆ సీటు దాని ర్యాంకుది. రాళ్ళది కాదు."

"ర్యాంకు ఎవురికి కావాలమ్మా? వాళ్ళు రాళ్ళే గదా అడిగింది!"

గురవమ్మ దగ్గరకు వెళితే, కాయలు ఏరి మరకలు పట్టిన చేతులు కడుక్కుంటూ, "నేర్పితే పోలా అక్కా? మూడు రాళ్ళే గదా," అంది.

కోమలి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. సోమవారం పొద్దున నేను చీర మార్చుకుని వచ్చేసరికి, తన దగ్గర దాచుకున్న నివేదిక నకలు నా చేతిసంచీ మీద పెట్టి ఉంది. కోమలి వంటింట్లో నిలబడి పాలు కాచుకుంటోంది. ఇటు తిరగలేదు.

చిత్తూరులో సుందరరాజు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నా మూడు పేజీల వాంగ్మూలాన్ని చివరి దాకా చదివాడు.

"మేడమ్, మీరు చాలా కాలం పట్నంలో ఉన్నారు. మరిచిపోవడం సహజం."

"నేను మరిచిపోలేదు. కల్పించాను. ఆ పేరు పెట్టింది నేను."

"పేరు మీరే పెట్టి ఉండవచ్చు. పేరుతో ఆచారం పుట్టదు కదా. మీ చెల్లెలు చెప్పిన తరువాత మరో నాలుగు కాలనీల్లో విచారించాము. ముగ్గురు ధ్రువీకరించారు."

"ఎవరు ఆ ముగ్గురు?"

"ధ్రువపత్రాల కోసం దరఖాస్తు చేసుకున్నవాళ్ళు."

ఆయన ముఖంలో నేను వెతికినది దొరకలేదు. వెటకారం లేదు, కపటం లేదు. తాను చెప్పింది తాను విన్నట్టు కూడా లేదు.

"దీని మీద ఒక వ్యాసం కూడా పంపాను," అన్నాడు. వాంగ్మూలాన్ని మడిచి బల్ల మీదుగా నా వైపు జరిపాడు. "ఇది ఫైల్లో పెడితే మీ మనవరాలికి ఇబ్బంది అవుతుంది. నేను పెట్టను." ఆయన దయగలవాడు. అది కూడా ఇక్కడ రాసి తీరాలి.

కాగితాన్ని మళ్ళీ ఆయన వైపు జరిపాను. మళ్ళీ నా వైపు జరిపాడు. ఢిల్లీబాబు కిటికీ బయటికి చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు లోపలికి నిస్సీని పిలిచారు. కుప్పయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు.

సుందరరాజు ఫోటో చూపించాడు. గంభీరంగా నిలబడిన నా చెల్లెలు, ఆమె తలకు పైన వేలాడుతున్న మూట. "భయపడకుండా చెప్పమ్మా. ఇది ఏమిటి?"

నిస్సీ ఫోటోను చూసింది. బల్ల మీద నాకూ ఆయనకూ మధ్య ఉన్న కాగితాన్ని చూసింది. నన్ను చూసింది. నేను తల ఊపలేదు, అడ్డంగానూ ఆడించలేదు.

"మూడు రాళ్ళ ముడుపు సార్," అంది. "బిడ్డ పుట్టిన తొమ్మిదోనాడు కడతాము. కొండ దిక్కు నించి ఒగటి, ఏటి దిక్కు నించి ఒగటి, పెద్దోళ్ళ దిక్కు నించి ఒగటి." ఊపిరి తీసుకుంది. "బిడ్డకు నడక వచ్చినాక ఒగోటే తీసేస్తాము. ఆఖరుది మాత్రం తీయము."

ఆఖరి రెండు వాక్యాలు నేను చెప్పినవి కావు, గురవమ్మ చెప్పినవీ కావు.

"ఇది కొత్త సమాచారం," అన్నాడు సుందరరాజు సంతోషంగా. "ఢిల్లీబాబూ, రాసుకో."

ఆఫీసు మెట్ల కింద కుప్పయ్య నాకు రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. వారించాను. రోడ్డు మీద మామిడికాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీ వైపు బారులు తీరి ఉన్నాయి. నిస్సీ వాటినే చూస్తూ అడిగింది.

"మొదట నేను సెప్పింది నిజమే గదా మేడమ్?"

"నిజమే."

"దానికి సున్నా వేసినారు."

"వేశారు."

"నర్సింగులోనూ ఇట్లనే అడగతారా?"

ఐరాల బస్సు వచ్చింది, తండ్రీ కూతురూ ఎక్కారు.

కోమలి ఆ అక్టోబరులో కాలేజీలో చేరింది. నా వాంగ్మూలం నా బీరువాలోనే, పుస్తకాల మధ్య ఉంది. అదే నెలలో వాయుగుండం పట్టి నాలుగు రోజులు గాలి, వాన. మూడో రోజు గురవమ్మ ఫోన్ చేసింది. అటువైపు పట్ట టపటపా కొట్టుకుంటున్న చప్పుడులో ఆమె గొంతు సరిగా వినబడలేదు.

"గాలికి పట్ట లేసిపోతా ఉండాదక్కా. మూడు రాళ్ళకు ఆగలేదు. ఆ మూటలో నాలుగోది ఏసినా." నవ్వింది. "మీ సారుకు సెప్పాలంటావా?"

"వద్దు," అన్నాను. "ఆయన మూడే రాసుకున్నాడు."